ఉల్లిపొరలో ఏమి కనబడినది?

మేము ఉన్నత పాఠశాలలో చదువుకొను దినములలో సూక్ష్మదర్శినిని ఒకే ఒక పర్యాయము చూచితిమి. చూచితిమి అనుట కంటె, దాని యెదుట వరుసలో నిలుచుంటిమి అనుట నిజము. సైన్సు మాస్టరుగారు బీరువా తాళము తీసి, కొయ్యపెట్టెను రెండు చేతులతోను ఎత్తి తెచ్చి, కిటికీ ప్రక్కనున్న బల్లపై దానిని నెలకొల్పిరి. తామే స్లైడును అమర్చి, తామే తొంగిచూచి, తృప్తితో తల పంకించి, "ఒక్కొక్కరే వచ్చి చూడండి. ఎవరూ చెయ్యి తగిలించకూడదు" అనిరి. మేము నలుబది మందిమి. గంట కొట్టుటకు ఇరువది నిమిషములు మాత్రమే మిగిలియుండెను. మా వంతు వచ్చినప్పుడు కన్నును గొట్టమునకు గట్టిగా ఆనించి చూచితిమి. తెల్లని వలయములో నల్లని గీతలు కొన్ని ఏటవాలుగా కనబడెను. రెప్ప ఆర్పినప్పుడెల్ల అవి కదలెను. "కణాలు కనబడ్డాయా?" అని మాస్టరుగారు అడిగిరి. "కనబడ్డాయండీ" అంటిమి. తరువాత మా చోటికి పోయి, పాఠ్యపుస్తకములోని బొమ్మను చూచి, ఇటుకగోడవలె పేర్చిన కణములను, ఒక్కొక్కదాని నడుమ ఒక్కొక్క చుక్కను గీచితిమి. పదింటికి తొమ్మిది మార్కులు వచ్చినవి.

ఆ నల్లని గీతలు మా కనురెప్ప వెంట్రుకలే యని తెలియుటకు చాల యేండ్లు పట్టినది. మార్కులు తిరిగి యిచ్చివేయుటకు అప్పటికి అవకాశము లేకపోయినది.

ఈ సంగతి ఇప్పుడు జ్ఞప్తికి వచ్చుటకు కారణమున్నది. పాఠశాలల కార్యక్రమము కొరకు ధ్వనిముద్రణ చేయుటకై ఈ మధ్య ఒక బాలికల ఉన్నత పాఠశాలకు వెళ్ళితిమి. ఎనిమిదవ తరగతిలో జీవశాస్త్ర పాఠము జరుగుచుండెను. నాలుగు బల్లలపై నాలుగు సూక్ష్మదర్శినులు. ఒక్కొక్కదాని చుట్టును ఏడెనిమిదిమంది పిల్లలు. మేము యంత్రమును సరిచేసికొనుచుండగా, రెండవ బల్ల వద్దనున్న ఒక బాలిక తల యెత్తి, "నాకు వెంట్రుకలు కనబడుతున్నాయి టీచర్" అన్నది. తరగతి యంతయు గొల్లున నవ్వెను. ఉపాధ్యాయిని మాత్రము నవ్వలేదు. "ఇంకా ఎంతమందికి వెంట్రుకలు కనబడుతున్నాయి? నిజం చెప్పండి" అని అడిగినది. కొంతసేపు నిశ్శబ్దము. పిదప ఒక చేయి లేచెను, మరియొకటి లేచెను, చూచుచుండగా సగము తరగతికి పైగా చేతులెత్తినది. అంతకు ముందు వారందరు "కణములు కనబడినవి" అని చెప్పినవారే.

ఆ దినము మేము అనుకొన్న పదునైదు నిమిషముల ధ్వనిముద్రణ గంటన్నర పట్టినది. అచ్చట చూచినదియు, అచ్చట నేర్చినదియు కలిపి నేడు శ్రోతలకు చెప్పదలచితిమి. ఇంటిలో హైస్కూలు పిల్లలున్నవారు కొంచెము శ్రద్ధగా వినుటకు ఇందులో కారణమున్నది.

మొదట కన్ను సంగతి. అక్షికటకము నుండి వెలువడు వెలుతురు, కటకమునకు కొంత పైన, సుమారు ఒక వ్రేలి మందము దూరములో, చిన్న చుక్కగా కూడుకొనును. కంటిపాప అచ్చట ఉన్నప్పుడే దృశ్యమంతయు నిండుగా అందును. కన్నును గాజునకు ఆనించినచో రెప్పవెంట్రుకలు అడ్డుపడును. మిక్కిలి దూరముగా ఉంచినచో వలయము కుంచించుకొని పోవును. కావున తలను మెల్లగా దించుచు, వెలుగు వలయము నిండుగా తెరచుకొన్న చోట ఆపవలెను. రెండవ కన్ను మూయరాదు. మూసినచో ఐదు నిమిషములలో ముఖము నొప్పి పుట్టును. రెండు కన్నులును తెరచి, ఒక కంటితో చూచుట మొదట వింతగా తోచును గాని, రెండు మూడు దినములలో అలవాటగును. ఇంత చిన్న విషయము చెప్పువారు లేక ఎందరు పిల్లలు తమ రెప్పలను చూచి కణములని రాసికొనిరో!

తరువాత వెలుతురు. అద్దమున్న సూక్ష్మదర్శినులలో దానిని కిటికీ వైపునకు, తెల్లని ఆకాశము వైపునకు త్రిప్పవలెను. సూర్యుని వైపునకు ఎన్నడును త్రిప్పరాదు. అద్దము నుండియు కటకముల నుండియు పోగై వచ్చు ఎండ కంటిలోపలి పొరను కాల్చివేయగలదు. ఆ గాయము మానునది కాదు. ఈ ఒక్క విషయములో మాత్రము పిల్లలను భయపెట్టుట తప్పు కాదని మా అభిప్రాయము. క్రొత్త నమూనాలలో అద్దమునకు బదులు చిన్న విద్యుద్దీపమునే అమర్చుచున్నారు గనుక ఆ చిక్కు లేదు. ఇంకొక సంగతి: వెలుతురు ఎంత ఎక్కువైన అంత బాగుగా కనబడునని పిల్లలు తలతురు. అది పొరపాటు. రంగు వేయని ఉల్లిపొర గాజువలె పారదర్శకము. దానిపై వెలుతురు కుమ్మరించినచో అంచులు మాసిపోవును. వేదిక క్రిందనున్న డయాఫ్రమును కొంచెము మూసి, వెలుతురు తగ్గించినప్పుడే కణకవచములు గీత గీచినట్లు తేరుకొనును.

సూక్ష్మదర్శిని పెద్దదిగా చూపుటయందలి లెక్క తేలిక. అక్షికటకముపై 10 అనియు, వస్తుకటకములపై 4, 10, 40 అనియు చెక్కియుండును. రెండింటిని గుణింపవలెను: 40 రెట్లు, 100 రెట్లు, 400 రెట్లు. బల్ల వద్దకు వచ్చిన ప్రతి బాలికయు మొట్టమొదట 400 రెట్ల కటకమునే త్రిప్పుకొనుటకు చేయి చాచినది. పెద్దది చూపునది మంచిది కాదా మరి! కాని రెట్లు పెరిగినకొలది కనబడు తావు తరిగిపోవును. ఉపాధ్యాయిని ఈ మాటను నోటితో చెప్పక, పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలును వేదికపై పెట్టి చూడుమన్నది. 40 రెట్లలో నాలుగున్నర మిల్లీమీటర్ల తావు కనబడినది. 100 రెట్లలో అది 1.8 మిల్లీమీటర్లు. 400 రెట్లలో అర మిల్లీమీటరు కూడ లేదు. స్కేలుపైని ఒక గీతయే వలయమంతయు ఆక్రమించినది. ఊరిలో ఇల్లు వెదకువాడు మొదట వీధి తెలిసికొనవలెను గదా. తక్కువ రెట్ల కటకముతో వస్తువును కనుగొని, దానిని వలయము నడుమకు తెచ్చి, స్పష్టముగా కనబడిన పిదపనే పెద్ద కటకమునకు పోవలెను.

ఈ క్రమము తప్పినచో జరుగు ప్రమాదము ఒకటి గలదు. 40 అంకె గల వస్తుకటకము స్పష్టముగా చూపునప్పుడు దానికిని స్లైడునకును నడుమ ఎడము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. కన్ను పైనుంచి, పెద్ద మరను క్రిందికి త్రిప్పుచు పోయినచో కటకము గాజుపై కూర్చుండును. చిటుక్కుమను చప్పుడు వినబడినప్పటికి స్లైడు పోయియుండును. ఒక్కొక్కప్పుడు కటకమే పోవును. అందుచే ప్రక్కనుండి చూచుచు కటకమును స్లైడు సమీపమునకు తేవలెను. పిదప లోపలికి చూచుచు ఎడము పెరుగునట్లు మాత్రమే మరను త్రిప్పవలెను. పెద్ద కటకముతో చూచునప్పుడు చిన్న మర తప్ప పెద్ద మర ముట్టరాదు. "చెయ్యి తగిలించకూడదు" అని మా మాస్టరుగారు చెప్పిన మాటకు మూలము ఈ చప్పుడే యై యుండును. పరికరము పోయినచో మరల తెప్పించుట ఎంత ప్రయాసయో వారికి తెలియును. వారిని నిందించుటకు మాకు మనసొప్పదు. అయినను చేయి తగిలింపక నేర్చుకొను విద్య కాదిది. ఈతను గట్టు మీద నిలుచుండి ఎవరు నేర్చిరి?

పిల్లలు మొదట చూచినది ఉల్లిపొర కాదు, వార్తాపత్రిక ముక్క. 'క' అను అచ్చు అక్షరమును చిన్నదిగా కత్తిరించి, స్లైడుపై పెట్టి చూచిరి. తలకట్టు అడుగునకు వచ్చినది. అక్షరము తలక్రిందుగాను, కుడి యెడమలు తారుమారుగాను కనబడినది. స్లైడును కుడికి జరిపినచో దృశ్యము ఎడమకు పరుగెత్తును. ముద్రణకు వాడు సిరాచుక్కలు, కాగితపు పీచు కూడ కనబడుట చూచి పిల్లలు ఆశ్చర్యపడిరి. తమకు ముందే తెలిసిన వస్తువుతో ఆరంభించుటయందలి లాభమిది: కన్ను చెప్పునది నిజమో కాదో సరిపోల్చుకొనుటకు వీలుండును.

ఆ పిమ్మట ఉల్లిపొర. ఉల్లిగడ్డను నిలువుగా కోసి, కండగల ఒక రేకును తీసి, దానిని విరిచినచో లోపలి వంపు వైపున పలుచని పొర ఊడివచ్చును. దానిని వెంటనే నీటిలో వేయవలెను, ఆరినచో చుట్టుకొనిపోవును. గోటియంత ముక్కను కత్తిరించి, సఫ్రానిన్ రంగులో కొద్దిసేపు ఉంచి, నీటిలో కడిగి, స్లైడుపై పరచి, ఒక చుక్క గ్లిసరిన్ వేయవలెను. సఫ్రానిన్ లేనిచోట మందుల దుకాణములో దొరకు అయొడిన్‌ను పలుచగా కలిపి వాడినను కేంద్రకములు గోధుమవన్నెలో తేలును. పైని కవరుస్లిప్పును దబ్బున పడవేయరాదు. ఒక అంచును ముందుగా ఆనించి, సూదితో రెండవ అంచును మెల్లమెల్లగా దింపవలెను. లేనిచో గాలి చిక్కుకొనును.

గాలి చిక్కుకొననే చిక్కుకొన్నది. మూడవ బల్ల వద్ద ఒక బాలిక, "అందరికంటె పెద్ద కణం నాకే దొరికింది" అని కేక వేసినది. మేమును పోయి చూచితిమి. చక్కని గుండ్రని ఆకారము, మందమైన నల్లని అంచు, నడుమ నిర్మలమైన వెలుగు. నిజము చెప్పవలెనన్న, ఆ స్లైడు అంతటిలోను అందమైన వస్తువు అదియే. అది గాలిబుడగ. ఉపాధ్యాయిని దానిని తీసివేయుమని అనలేదు. "ముందు దీన్నే గియ్యి. పేరు గాలిబుడగ అని రాయి. ఇక మీద ఎక్కడ కనబడినా గుర్తుపడతావు" అన్నది.

ఈ మాట విన్నప్పుడు మాకు సికింద్రాబాదు జ్ఞప్తికి వచ్చినది. బేగంపేటలోని సైనిక వైద్యశాలలో 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను వైద్యుడు ఒక దోమ కడుపును కోసి సూక్ష్మదర్శిని క్రింద పెట్టెను. ఎండలు తీవ్రముగా ఉండెను. పంకా వేసికొన్నచో కోసిన దోమల ముక్కలు ఎగిరిపోవునని దానిని ఆపివేసెను. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టెను. మిగిలిన ఒక్క అక్షికటకమునకు పగులు పడెను. ఈ వివరములు ఆయనయే తన స్మృతులలో వ్రాసికొనెను. హుసేన్ ఖాన్ అను మలేరియా రోగి రక్తము త్రాగిన దోమ అది. కుట్టించుకొన్న దోమ కొక అణా వంతున రాస్ అతనికి ఇచ్చెను. దోమ కడుపు గోడలో గుండ్రని కణములు కొన్ని కనబడెను. వాటిలో నల్లని రేణువులుండెను. మలేరియా క్రిమిలో ఉండునట్టి రేణువులే అవి. మరునాడు మరియొక దోమను కోసి చూడగా ఆ కణములు మరింత పెరిగి కనబడెను. మలేరియా దోమ వలన వ్యాపించునను సత్యమునకు ద్వారము అచ్చట తెరచుకొన్నది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పని చేసి ఆయన ఆ క్రిమి జీవితచక్రమును పూర్తిగా చూపెను. 1902లో నోబెల్ బహుమతి వచ్చెను. మేము ఇచ్చట చెప్పదలచినది బహుమతి సంగతి కాదు. అంతకు ముందు రాస్ లెక్కలేనన్ని దోమలను కోసెను. వాటిలో ఏమియు లేదు. ఏమియు లేని దోమ కడుపు ఎట్లుండునో ఆయనకు అరచేతి గీతలవలె తెలియును. అందుచేతనే ఆ దినము ఏదో క్రొత్తది ఉన్నదని గుర్తింపగలిగెను.

చూచితినన్న మాటను నమ్మించుట కూడ సులభము కాదు. హాలెండు దేశమున డెల్ఫ్ట్ పట్టణములో వస్త్రవ్యాపారియైన లీవెన్‌హుక్, తానే అరగదీసిన ఒంటి కటకముతో నీటి చుక్కలో జీవులను చూచి, 1676లో లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసెను. వారు వెంటనే అంగీకరింపలేదు. లీవెన్‌హుక్ తన ఊరి పెద్దలచే చూపించి సాక్ష్యములు పంపవలసి వచ్చెను. 1677లో రాబర్ట్ హుక్ సభ్యుల యెదుట ఆ జీవులను తాను స్వయముగా చూపిన పిదప సందేహములు తీరినవి. ఈ హుక్ మహాశయుడే 1665లో బెండుముక్కలో గదులను చూచి 'సెల్' అను పేరు పెట్టినవాడు. ఆయన చూచినవి చచ్చిన కణముల గోడలే. లోపల ఏమియు లేదు. కేంద్రకమునకు పేరు పెట్టినది రాబర్ట్ బ్రౌన్, అది 1831లో. నడుమ నూట అరువదియారు సంవత్సరములు గడచినవి. ఎనిమిదవ తరగతి బాలిక ఒక చుక్క సఫ్రానిన్‌తో ఆ దూరమును అరగంటలో దాటుచున్నది.

కాని దాటుచున్నదా? ఇక్కడనే అసలు చిక్కు. చాల చోట్ల పిల్లలు రికార్డు పుస్తకములో గీచు బొమ్మ బల్లపైనిది కాదు. పాఠ్యపుస్తకములోనిది, లేదా అక్క రికార్డులోనిది. ఇది కనిపెట్టుటకు ఉపాధ్యాయిని ఒక ఉపాయము చెప్పినది. పుస్తకములోని బొమ్మలో కేంద్రకము ప్రతి కణమునకు సరిగా నడుమ ఉండును. నిజమైన ఉల్లిపొరలో అట్లు ఉండదు. ఉల్లికణము లోపల చాల భాగము రిక్తిక. రసముతో నిండిన ఆ పెద్ద తిత్తి కేంద్రకమును కణద్రవ్యముతో పాటు గోడకు నెట్టివేయును. కొన్ని కణములలో అది ప్రక్క గోడకు అంటుకొని సగము చంద్రునివలె కనబడును. కొన్నింటిలో మనకెదురుగానున్న గోడపై నిలిచి నడుమ ఉన్నట్లు తోచును. కొన్నింటిలో చిన్న మరను త్రిప్పినగాని కనబడదు. ఎందుకనగా కణము కాగితముపై గీచిన పెట్టె కాదు; దానికి లోతున్నది. చిన్న మరను అటునిటు కదల్చుచు చూచినవారికి ఒక అంతస్తు నుండి మరియొక అంతస్తునకు దిగినట్లుండును. కావున అన్ని చుక్కలును నడుమనే ఉన్న బొమ్మ గీచిన విద్యార్థి చూడలేదని అర్థము. మా బొమ్మలో చుక్కలన్నియు నడుమనే ఉండెను.

ఇంకొక మంచి అభ్యాసము లెక్కించుట. 100 రెట్లలో వలయము వెడల్పు 1.8 మిల్లీమీటర్లని స్కేలుతో తేలినది గదా. ఆ వెడల్పులో పొడవువైపున ఎన్ని కణములు పట్టినవో లెక్కింపుడని ఉపాధ్యాయిని చెప్పగా ఒకరు ఆరు అనిరి. ఒకరు ఏడు అనిరి. ఆరు అయినచో కణము పొడవు 0.3 మిల్లీమీటరు. అప్పటిదాక కణమనగా కంటికందని మాయవస్తువని తలచిన పిల్లలు, అది గుండుసూది తలలో పట్టునంతటిదని తెలిసి విస్తుపోయిరి. ఇంతటితో సూక్ష్మదర్శిని సర్వమును చూపునని భ్రమపడరాదు. వెలుతురుతో పనిచేయు సాధారణ సూక్ష్మదర్శినికి ఒక హద్దున్నది. మిల్లీమీటరులో అయిదువేలవ వంతు కంటె దగ్గరగా ఉన్న రెండు చుక్కలను అది వేరుచేసి చూపజాలదు. జర్మనీలో ఎర్న్‌స్ట్ అబ్బే 1873లోనే ఈ సంగతి చెప్పెను. బాక్టీరియాలు హద్దుకు ఇవతలివి. వైరసులలో దాదాపు అన్నియు అవతలివి.

పరికరము భద్రపరచుటను గురించి రెండు మాటలు. వానాకాలములో తడిసిన గాలి తగిలి కటకములపై సాలెగూటి దారములవంటి బూజు పట్టును. తాళము వేసిన బీరువాలోనే అది ఎక్కువగా పట్టుట విచిత్రము. వాడుచుండు సూక్ష్మదర్శిని కంటె దాచిపెట్టినదియే త్వరగా చెడును. తేమను పీల్చు సిలికా జెల్ పొట్లమును పెట్టెలో ఉంచి, అది రంగు మారినప్పుడెల్ల వేడిచేసి ఆరబెట్టవలెను. కటకములను చీరచెంగుతోను రుమాలుతోను తుడువరాదు. ధూళిరేణువు గాజును గీచును. ముందుగా ఊది, పిదప కటకములకై అమ్ము కాగితముతో మెల్లగా తుడువవలెను. ఎత్తునప్పుడు ఒక చేయి మెడపైన, ఒక చేయి పీఠము క్రింద ఉండవలెను, చంటిపిల్లను ఎత్తుకొన్నట్లు.

చూచి గీచుట ముగిసిన పిదప రికార్డులను ఉపాధ్యాయిని బల్లపై పేర్చుచుండగా మేము రెండు మూడు తెరచి చూచితిమి. మొదట నవ్వులపాలైన ఆ బాలిక మొదటి పుటలో పెన్సిలుతో ఒక వలయము, అందులో ఏడెనిమిది వంపు గీతలు గీచి, క్రింద "నా కనురెప్ప వెంట్రుకలు" అని వ్రాసినది. దాని క్రిందనే రెండవ వలయములో ఉల్లికణములు. కేంద్రకములు ఒకటి మూలనున్నది, ఒకటి అంచునున్నది, రెండు కణములలో అసలు లేవు. ఎందుకు లేవని అడిగితిమి. "నాకు కనబడలేదండీ" అన్నది.

చివర ఉపాధ్యాయిని చెరువు నుండి తెప్పించిన హైడ్రిల్లా కొమ్మను బయటికి తీసినది. ఆ నీటిమొక్క ఆకు మిక్కిలి పలుచన. కోయనక్కరలేదు, రంగు వేయనక్కరలేదు. ఆకునట్లే నీటి చుక్కలో పెట్టి, కొంతసేపు వెలుతురు తగులనిచ్చి, 400 రెట్లలో నడిమి ఈనె ప్రక్కనున్న కణములను చూడవలెను. ఆకుపచ్చని హరితరేణువులు గోడ వెంట ఒకదాని వెనుక నొకటి, రథము వెనుక జనమువలె, సాగుచుండును. అవి తమంత తాము నడుచుట లేదు. కణద్రవ్యమే ప్రవహించుచు వాటిని మోసికొనిపోవుచున్నది. చాలసేపు ఎవరికిని ఏమియు కనబడలేదు. "కదలడం లేదు టీచర్" అని ముగ్గురు చెప్పిరి. ఉపాధ్యాయిని "సరే, కదలడం లేదని రాసుకోండి. ఇంకొంచెం సేపు చూడండి" అన్నది. మేము యంత్రమును ఆపుటకు చేయి చాచుచుండగా రెండవ బల్ల నుండి, "కదిలింది! టీచర్, కదిలింది!" అని పెద్ద కేక వినబడెను. బల్లలు జరిగిన చప్పుడు, పిల్లలందరు అటు పరుగెత్తిన చప్పుడు, ఒక స్టూలు పడిన చప్పుడు అన్నియు అందులో పడినవి. ప్రసారము కొరకు సవరించునప్పుడు ఆ భాగమును మాత్రము ఏమియు కత్తిరింపక అట్లే ఉంచితిమి.